ఎరగాన్ నాలుగు భాగాలు: మళ్లా మళ్లా చదివినంక

క్రిస్టఫర్ పావోలినీ ఇంగ్లీషుల రాసిన ఎరగాన్ ఫాంటసీ నవలల వరుసలో డ్రాగన్ ఎంత పెద్దది, ఎన్ని మంటలు కక్కుతది అన్నది అసలు సంగతి కాదు. ఈ కథల మంత్రానికి ఖర్చు ఉంటది. ఆ ఒక్క నియమం మీదనే కథంతా నిలబడ్డది. ముందు ఏమైతదో తెలిసిన తర్వాత కూడా ఈ పుస్తకాలు మళ్లా చేతిలకు తీసుకోబుద్ధి అయ్యేది అందుకే.

చేతులతోటి చేస్తే ఒక పనికి ఎంత సత్తువ పడుతదో, మంత్రంతోటి చేసినా అంతే సత్తువ ఒంట్లకెల్లి పోతది. దూరం పెరిగితే ఖర్చు పెరుగుతది. బలానికి మించిన మంత్రం ఎత్తుకుంటే ప్రాణం మీదికొస్తది. హడరాక్ ఎడారి దాటేటప్పుడు కథానాయకుడు ఎరగాన్ నేల అడుగున ఉన్న తడిని పైకి గుంజుతడు. నల్లగొండ, పాలమూరు దిక్కు బోరు వేయించినోళ్లకు ఆ పేజీలు ఎవరూ విడమరిచి చెప్పే పని లేదు: నీళ్లు ఎంత లోతున ఉంటే అంత ఖర్చు.

ఇదే లెక్క రెండో భాగంల ఇంకో దిక్కు తిరుగుతది. మనిషిని చంపనీకి పెద్ద బలం అక్కరలేదు, లోపల ఒక చిన్న నరం నొక్కితే చాలు. ఒరోమిస్ గురువు అసొంటి మాటలు పన్నెండు నేర్పుతడు. ఇంత అగ్గువకు చావు దొరికినప్పుడు యుద్ధంల ఎవరు మిగులుతరు? అందుకే మంత్రగాళ్లు ముందు ఎదుటోడి మనసులకు చొరబడాలని చూస్తరు. మనసు చేజిక్కినంకనే మంత్రం. మామూలు సిపాయిలకు ముందుగాలనే రక్షణ మంత్రాలు కట్టి పెడతరు, అవి కూడా బలం తింటయి. మొదటిసారి ఉరుకులాటగా చదివితే ఈ ముడులు కనబడవు. రెండోసారి చదివినప్పుడు ఒక్కో పోరాటం ఎందుకట్ల తిరిగిందో తెలుస్తది.

డ్రాగన్ పెంపకం కూడా ఇట్లనే నిదానంగా, నమ్మేటట్టు నడుస్తది. అడవిల దొరికిన నీలిరాయి గుడ్డని తేలుతది. లోపలి పిల్ల తనకు నచ్చిన మనిషి తగిలితేనే బయటికొస్తది. ముట్టుకున్న అరచేతిల వెండి మచ్చ పడుతది. ఆ డ్రాగన్ పిల్ల సఫీరాను అడవిల దాచిపెట్టుడు, పేరు కుదిరేదాకా అడుగుడు, మనసుతోటి మాట్లాడుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తయి. జీను లేకుండా మొదటిసారి ఎగిరినప్పుడు ఆ పొలుసులకు ఎరగాన్ తొడల తోలు లేచిపోతది. తర్వాత ముసలి గురువు బ్రోమ్ తోలుతోటి జీను కుట్టి ఇస్తడు. ఇసొంటి చిన్న ముచ్చట్లే సఫీరాను మన కండ్ల ముంగట నిలబెడతయి. 2006ల వచ్చిన ఎరగాన్ సినిమాల డ్రాగన్ పిల్ల ఆకాశంలకు ఎగిరి, ఎగిరిన కాడనే పెద్దదైపోతది. పుస్తకం కష్టపడి కట్టిందంతా అక్కడ పోయింది. సినిమా చూసి పుస్తకం వద్దనుకున్నోళ్లు దాన్ని పక్కనపెట్టి చదవాలె.

లోపాలు ఉన్నయి. రచయిత 1983ల పుట్టిండు, పదిహేనేండ్లకు ఇది మొదలుపెట్టిండు. 2002ల ఇంటోళ్లే అచ్చేసుకున్నరు, 2003ల నాఫ్ ప్రచురణ సంస్థ తీసుకున్నది. ఆ వయసు వాక్యాలల్ల కనబడుతది. ఒక కొండకు, ఒక సూర్యాస్తమయానికి విశేషణాలు కుప్పవోస్తడు. పల్లె పిలగాడు, ముసలి గురువు, దుర్మార్గపు రాజు అనే మూస కొత్తది కాదు. మొదటి భాగం నడుమల ఊరి నుంచి ఊరికి పోవుడే ఎక్కువ, టీర్మ్ పట్నం కాడ చాలామంది ఆపేస్తరు. ఎల్ఫ్ అనే మంత్రజాతి ఆడామె ఆర్యా అంత బలమైన పాత్ర అయ్యుండి ఈ భాగంల ఎక్కువసేపు సోయి లేకుండానే ఉంటది.

నా మటుకు అన్నిట్లకెల్లి గట్టిది రెండోది, ఎల్డెస్ట్. అది కూడా ఎరగాన్ దాయాది రోరన్ కోసం. డ్రాగన్ లేదు, మంత్రం లేదు, చేతిల సుత్తె ఒక్కటే. రాజు సిపాయిలు వాళ్ల ఊరు కార్వహాల్ మీదికొస్తే ఊరోళ్లు చెట్లు నరికి అడ్డం కడతరు, ఆఖరికి పిల్లాజెల్లతోటి కొండలు దాటి ఊరే విడిచిపోతరు. 1946 నుంచి 1951 దాకా వడిసెలలు పట్టుకొని కొట్లాడిన పల్లెల ముచ్చట్లు ఇంట్ల విన్న నల్లగొండోళ్లకు ఈ అధ్యాయాలు ఎక్కడో దూరదేశం కథ అనిపించవు. అదే భాగంల ఎల్ఫుల పట్నం ఎల్లెస్మేరాల ఎరగాన్ చదువులు మాత్రం సాగుతయి. దాటేయొద్దు, ఆ తర్వాతి యుద్ధాలన్నీ ఆ పాఠాల మీదనే నడుస్తయి.

మూడుతోటి ముగియాల్సిన కథను మూడోది మరీ పెరిగిందని రెండు చేసిండ్రు: 2008ల బ్రిసింగర్, 2011ల ఇన్హెరిటెన్స్. ఆ సాగదీత బ్రిసింగర్‌ల తెలుస్తది. గానీ కత్తి తయారీ అధ్యాయం కోసమన్న దాన్ని చదవాలె. ఎల్ఫుల కమ్మరి రూనోన్ ఇగ ఆయుధం చేయనని ఒట్టు పెట్టుకున్నది, అందుకని ఎరగాన్ మనసుల చేరి ఆయన చేతులతోటే పని చేయిస్తది. ఆకాశం నుంచి పడ్డ లోహాన్ని కాల్చుడు, మడుచుడు, అంచు గట్టిగ వెన్ను మెత్తగ ఉంచుడు వరుసగా రాసిండు. ఆఖరి భాగంల కోట తర్వాత కోట ముట్టడి. అప్పటికి బలాన్ని దాచుకునే దారులు పెరిగిపోతయి, మొదట్ల ఉన్న ఖర్చు బిగువు సడలుతది. ఈ వరుస మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. రాజుతోటి తేల్చుకునే తీరు మాత్రం ఒట్టి కండబలంతోటి కానియ్యలేదు, అది నాకు శానా నచ్చింది.

తెలుగు మీడియంల చదువుకున్నోళ్లు ఇంగ్లీషు లావు పుస్తకమని భయపడొద్దు. మొదటిది 500 పేజీల చిల్లర, ఆఖరుది 800 దాటుతది. వెనక పేర్లు పలికే తీరు, మంత్రాలు చదివే ప్రాచీన భాష మాటల అర్థాలు ఇచ్చిండ్రు, అక్కడొక కాగితం పెట్టుకోవాలె. ముందున్న పటం మీద ఎరగాన్ పోయే తోవ పెన్సిల్‌తోటి గీసుకుంటే నడిమి పేజీలు తేలికైతయి. తర్వాతి భాగాల మొదట్ల పాత కథ సారాంశం ఉంటది, నడుమ ఆరు నెలలు ఆగినా ఫరక్ పడదు. మొదటి భాగంల యాజువాక్ ఊరిల శవాల కుప్ప, దాని మీద పసిబిడ్డ కనబడుతది. చిన్న పిల్లలకు ఇచ్చేముందు పెద్దోళ్లు ఆ అధ్యాయం ఒక్కటి చూసుకోవాలె. 2023ల వచ్చిన తర్వాతి పుస్తకం మర్టాగ్‌ను ఈ నాలుగూ అయినంకనే తెరవాలె, లేకుంటే ముఖ్యమైన గుట్లన్నీ ముందే బయటపడతయి.

పట్నం పోయినప్పుడు కోఠి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి వెతుక్కోవచ్చు. అట్ట మీది డ్రాగన్ రంగుతోటి వరుస పట్టుకోవచ్చు: నీలం మొదటిది, ఎరుపు రెండోది, బంగారం మూడోది, పచ్చ నాలుగోది. దొంగ అచ్చుల పటం మసకగా పడుతది, వెనక అర్థాల పేజీలు ఎగిరిపోతయి. పైసలిచ్చే ముందు ఆ రెండు చోట్లు తెరిచి చూడాలె. నాలుగోది కొనేటప్పుడు వీపు కూడా చూడాలె. అంత లావు పేపర్‌బ్యాక్‌ను రెండుగా విరిచి చదివితే, మన ఎండాకాలం వేడికి జిగురు పగిలి నడిమి పేజీలు ఊడొస్తయి.