అడ్‌జీన్ 21179 ప్లాస్మిడ్: ఏడాది వాడాక నా అభిప్రాయం

ఇంటెగ్రిన్ (కణాన్ని బయటి పదార్థానికి అంటించే ప్రోటీన్) మీద పని చేస్తూ, బతికున్న కణంలో పీఐపీ2 (కణపొరలో ఉండే ఒక కొవ్వు పదార్థం, అంటే లిపిడ్) ని చూడాలనుకునేవాళ్లు ముందుగా తెప్పించుకోవాల్సింది ఇదే. ప్లాస్మిడ్‌లు దాచి ల్యాబ్‌లకి పంపే అడ్‌జీన్ సంస్థలో టోబియాస్ మేయర్ ల్యాబ్ పెట్టిన ప్లాస్మిడ్ (కణంలోకి జన్యువుని చేర్చే గుండ్రటి డీఎన్ఏ). పీఎల్‌సీ డెల్టా అనే ఎంజైమ్‌లో పీఐపీ2 ని పట్టుకునే పీహెచ్ ముక్కని మాత్రం తీసి జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రోటీన్‌కి తగిలించారు, కాబట్టి ఆ లిపిడ్ ఉన్నచోట పచ్చగా వెలుగుతుంది.

నాకిది ఎందుకు కావాల్సొచ్చిందంటే, ఇంటెగ్రిన్ కణం బయట ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటే లోపల దాని తోకకి టాలిన్ అనే ఇంకో ప్రోటీన్ అంటుకుంటుంది, ఆ టాలిన్ తలకే పీఐపీ కైనేజ్ గామా అనే ఎంజైమ్ కూడా వచ్చి తగులుకుంటుంది. డి కామిల్లి ల్యాబ్, ఆండర్సన్ ల్యాబ్ వేర్వేరుగా పనిచేసి 2002లో నేచర్‌లో చూపించిన సంగతి ఇది. ఆ ఎంజైమ్ అక్కడికక్కడే పీఐపీ2 తయారుచేస్తుంది, అది ముడుచుకుని ఉన్న టాలిన్‌ని విప్పి ఇంటెగ్రిన్‌ని ఇంకా గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. పైగా టాలిన్ మీద ఇంటెగ్రిన్ తోకా, ఈ ఎంజైమూ కూర్చునే చోటు దాదాపు ఒకటే, అంటే రెండూ పోటీపడతాయి. అందుకే ఎప్పుడు ఏది జరుగుతోందో కణంలోనే చూడాలనిపించింది.

ప్లాస్మిడ్ బ్యాక్టీరియా స్టాబ్‌గా (జెల్లీ లాంటి అగార్‌లో గుచ్చిన బ్యాక్టీరియాగా) వస్తుంది, ఐస్ అక్కర్లేదు. మాది మే ఎండల్లో కొరియర్ వాళ్ల దగ్గర పదకొండు రోజులు ఇరుక్కుపోయి చాలా టెన్షన్ పెట్టింది, కానీ కానామైసిన్ అనే యాంటీబయోటిక్ ఉన్న ప్లేట్ మీద గీస్తే తెల్లారేసరికి కాలనీలు వచ్చేశాయి. ఎంటీఏ (ప్లాస్మిడ్ తీసుకోవడానికి చేసుకునే ఒప్పందం) సంతకాలు మాత్రం ముందే మొదలుపెట్టండి.

అసలు జాగ్రత్త డీఎన్ఏ మోతాదు దగ్గర. మొదటి నెలంతా నా కణాలు సరిగ్గా పరుచుకోకపోతే ఫైబ్రోనెక్టిన్ పాడైందనుకుని స్లైడ్ మీద రెండుసార్లు కొత్తది కోట్ చేశాను. తప్పు ఫైబ్రోనెక్టిన్‌ది కాదు. ఈ ప్రోబ్ (వెలిగే పీహెచ్ ముక్క) ఎక్కువైతే పీఐపీ2 అంతా తనే పట్టేసుకుంటుంది, టాలిన్‌కి మిగలదు. డీఎన్ఏ పావువంతుకి తగ్గించాక మామూలుగా పరుచుకున్నాయి. బాగా వెలిగే కణాలు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, మసకగా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోండి.

ఇంకోటి, పొర ముడతలుపడ్డ చోట కూడా వెలుగు ఎక్కువే కనిపిస్తుంది, అది చూసి పీఐపీ2 పెరిగిందని రాసేయకండి. పొరని ఎర్రగా చూపించే మెంబ్రేన్ మార్కర్ కూడా వేసి రెండింటి నిష్పత్తి తీయాలి. కంట్రోల్‌గా పాలీలైసిన్ కోట్ చేసిన స్లైడ్ పెట్టండి, అక్కడ కణాలు ఛార్జ్ వల్ల అంటుకుంటాయి, ఇంటెగ్రిన్ అవసరం ఉండదు.

5కి 4 ఇస్తున్నాను. ఈ పీహెచ్ ముక్క ఐపీ3 (పీఎల్‌సీ పీఐపీ2 ని కోస్తే వచ్చే ముక్క) ని కూడా పట్టుకుంటుంది, అందుకే పీఎల్‌సీ ఆన్ అయినప్పుడు వెలుగు పొర నుంచి లోపలికి జారితే పీఐపీ2 తగ్గిందా, ఐపీ3 లాగిందా అని దీనొక్కదాంతో తేల్చలేం. ఒక మార్కు తగ్గించింది దానికే.