ఇంగ్లిష్ వాక్యాల కార్డుల పెట్టె: రెండేళ్లు వాడాక

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక పుస్తకాల దుకాణంలో 400 రూపాయల లోపే దొరికింది ఈ పెట్టె. సాయంత్రాలు మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే రెండు, మూడు, నాలుగో తరగతి పిల్లల కోసం కొన్నాను. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. అప్పటి నుంచి, ఇంట్లో ఇంగ్లిష్ మాట వినపడని పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. వాళ్లకు ఈ పెట్టె నిజంగా అక్కరకొచ్చింది.

ఒక్కో కార్డు మీద ఒక్కో ఇంగ్లిష్ పదం ఉంటుంది; వాటిని వరసగా పేర్చి వాక్యం కట్టాలి. నామవాచకాల, సర్వనామాల కార్డులు నీలం; క్రియలు ఎరుపు; 'యామ్, ఈజ్, ఆర్' పసుపు. 'ఆయన డాక్టర్' అనడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు. అందుకే పిల్లలు 'హి డాక్టర్' అని ఊరుకుంటారు. నోటితో ఎంత దిద్దినా నిలవని ఆ 'ఈజ్', రెండు నీలం కార్డుల మధ్య పసుపు కార్డు పెట్టడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే అలవాటైంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 'ఎస్' అక్షరం ఒక్కటే ఉన్న చిన్న ముక్క. 'ఐ ఈట్', 'దే ఈట్' అన్నప్పుడు దాని పని లేదు. 'షి' వచ్చిందంటే 'ఈట్' పక్కన చేరాలి. తింటాను, తింటావు, తింటాడు అని మనిషిని బట్టి క్రియను మార్చే పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లిష్‌లో ఆ మార్పు ఒక్కచోటే ఉందని చూపిస్తే చాలు, ఎంత తేలిగ్గా పట్టుకుంటారో!

పదాల దగ్గర మాత్రం పెట్టె తేలిపోయింది. స్ట్రాబెర్రీ ఉంది, ఇగ్లూ ఉంది, మక్కకంకి లేదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లే నాన్న గురించి వాక్యం కట్టాలనుకున్న పాపకు ఒక్క కార్డూ పనికిరాలేదు. నాకు చాలా బాధనిపించింది. తెల్ల అట్టముక్కల మీద చిల్లీ, కాటన్, మెయిజ్, లేక్ అని రాసి, బొమ్మలు పిల్లలతోనే వేయించాను. ఇప్పుడు ఎక్కువగా నలిగేవి అవే. భద్రకాళి చెరువు బొమ్మ పక్కన చేప బొమ్మ పెట్టి 'ఇన్' నేర్పుతున్నాను: 'చెరువులో' అన్నప్పుడు 'లో' వెనక అతుక్కుంటుంది, 'ఇన్' ముందే వచ్చి నిలబడుతుంది.

'ఎ', 'యాన్' నియమం రాసిన కార్డును పక్కన పెట్టేయండి. అచ్చు అక్షరం ముందు 'యాన్' అని ఉంది, అంతే. చూడాల్సింది అక్షరం కాదు, పలుకు. 'యూనిఫాం' యు అక్షరంతో మొదలైనా ముందు 'ఎ' వస్తుంది; 'అవర్' హెచ్‌తో మొదలైనా 'యాన్' వస్తుంది. నేను ముందు పలికించి, తర్వాత కార్డు తీయిస్తాను.

అట్ట గట్టిదే. వానాకాలంలో అంచుల దగ్గర ప్లాస్టిక్ పొర కొంచెం లేచింది.

ప్రశ్నలకు కావలసిన 'డు', 'డజ్' కార్డులు పెట్టెలో లేవు. కొనేవారు ముందే రాసి పెట్టుకోండి. 'డజ్ షి ఈట్' అన్నప్పుడు 'ఈట్' పక్కనున్న ఎస్ ముక్కను పిల్లల చేతనే తీయించి, అది 'డజ్'లోకి వెళ్లిందని చూపించండి.