కాలెస్ ఫ్రాక్టాలర్ 2: చాలాకాలం వాడాక

ఎంత జూమ్ చేసినా కొత్త వివరాలు కనిపించే ఫ్రాక్టల్ ఆకారం మాండెల్‌బ్రాట్ సెట్. అందులో బాగా లోతుకి దిగాలనుకునేవాళ్లు ఏ ప్రోగ్రాం వాడాలని అడిగితే నేను చెప్పేది కాలెస్ ఫ్రాక్టాలర్ 2 అనే. కార్ల్ రూన్మో మొదలుపెట్టిన దీన్ని తర్వాత క్లాడ్ హైలాండ్-అలెన్ చాలా దూరం తీసుకెళ్లారు. ఉచితం. విండోస్‌లో జిప్ విప్పి నేరుగా నడుపుకోవచ్చు, లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాంలని నడిపించే సాధనం) మీద నడుస్తుంది. మెనూలు మాత్రం పాతకాలపువి. ఏ సెట్టింగ్ ఎక్కడుందో వెతుక్కోవడానికే మొదట్లో కొంత ఓపిక కావాలి.

అసలు ఫ్రాక్టల్సే కొత్త అయితే దీనితో మొదలుపెట్టకండి. ముందు క్సావోస్ (XaoS) అనే తేలికపాటి ప్రోగ్రాం వేసుకోండి. మౌస్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, ఆగకుండా లోపలికి వెళ్తూనే ఉంటుంది. గుండెకాయ ఆకారానికీ దాని ఎడమ పక్కన ఉన్న గుండ్రానికీ మధ్య సందు సీహార్స్ వ్యాలీ. కుడివైపు చీలిక ఎలిఫెంట్ వ్యాలీ. ఎడమవైపు సాగిన సూది మీద -1.7549 దగ్గర పెద్ద మినీబ్రాట్ (మొత్తం సెట్‌కి చిన్న నకలు) ఉంటుంది. ఈ చోట్లు చేతికి అలవాటైతే తర్వాతి పని సులువు.

కంప్యూటర్ మామూలుగా వాడే డబుల్ అంకెలకి ఉండేది 53 బిట్లు, అంటే దాదాపు 16 దశాంశ అంకెలు. జూమ్ 10^14 ప్రాంతానికి వచ్చేసరికి పక్కపక్క పిక్సెళ్లకి ఒకే విలువ పడి బొమ్మ గళ్లుగళ్లుగా అయిపోతుంది. కాలెస్ ఒక్క బిందువు (దీన్నే రిఫరెన్స్ అంటారు) కక్ష్యని, అంటే ఒకే సూత్రాన్ని మళ్లీ మళ్లీ వేస్తే (ఒక్కోసారీ ఒక ఇటరేషన్) వచ్చే అంకెల వరసని, మాత్రమే పూర్తి కచ్చితత్వంతో లెక్కగట్టి, మిగతా పిక్సెళ్లకి దాని నుంచి ఉన్న తేడానే మామూలు అంకెల్లో లెక్కిస్తుంది. 2013లో కె. ఐ. మార్టిన్ బయటపెట్టిన ఈ పద్ధతి వల్లే గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. 10^300 దాటాక డబుల్‌లో ఘాతాంకం పట్టదు కాబట్టి వేగం బాగా తగ్గుతుంది. ఆ దిగువకి వెళ్లాల్సిన అవసరం నాకైతే పెద్దగా కనబడలేదు. ఎంత లోతుకి దిగామన్నది కాదు, దారిలో ఎక్కడ మలుపు తిరిగామన్నదే బొమ్మని నిర్ణయిస్తుంది.

ఆ మలుపులు ఇలా వేయాలి. నచ్చిన సుడి దగ్గర న్యూటన్-రాఫ్సన్ జూమ్ విండో తెరిచి, బొమ్మ మీద చోటు ఎంచుకుంటే దగ్గర్లోని మినీబ్రాట్ పీరియడ్ (దాని కేంద్రం కక్ష్య ఎన్ని ఇటరేషన్లకి మళ్లీ మొదటికొస్తుందో ఆ సంఖ్య), కేంద్రం, సైజు అదే కనుక్కుంటుంది. ఆ మినీ 10^40 లోతులో ఉందనుకోండి. దాదాపు 10^20 దగ్గర చుట్టూ ఉన్న ఆకారం రెండుగా అద్దంపట్టినట్టు అవుతుంది, 10^30 దగ్గర నాలుగు, 10^35 దగ్గర ఎనిమిది. మినీ దాకా పోకుండా 10^30 దగ్గరే ఆగండి. మధ్యలోంచి తప్పుకుని ఒక పక్కనున్న సుడిని పట్టుకుని, దాని లోపలి మినీ వైపు మళ్లీ బయల్దేరండి. ఇప్పటిదాకా చూసిన మొత్తం బొమ్మ ఒక ముక్కగా మారి, కొత్త కేంద్రం చుట్టూ జంటలు కట్టుకుంటుంది. మెలిక ముగ్గులో ఒక గీత పక్క చుక్కని చుట్టుకుని మళ్లీ మొదటి దారిలో కలిసినట్టుంటుంది ఆ అల్లిక. దీన్నే జూలియా మార్ఫింగ్ అంటారు. మూడు నాలుగు మలుపుల్లోనే మీది అనదగ్గ డిజైన్ వస్తుంది. ప్రతి మలుపుకీ లోతు, ఇటరేషన్లు రెండూ పెరుగుతాయి కాబట్టి ఎక్కువ మలుపులకి ఆశపడితే రెండర్ సమయం చేయి దాటిపోతుంది.

ఇటరేషన్ల హద్దు తక్కువ పెడితే నల్లటి మచ్చలు వస్తాయి, తీగలు లావెక్కి మొద్దుబారినట్టు కనబడతాయి. హద్దు రెట్టింపు చేసి చూడండి. నలుపు కుంచించుకుపోతే అది దొంగ నలుపు, అలాగే నిలిస్తే అసలు మినీబ్రాట్. నలుపు కదలని దాకా పెంచి అక్కడ ఆపాలి. అవసరానికి మించి పెడితే మినీ లోపలి పిక్సెళ్ల మీద ఊరికే సమయం పోతుంది.

ఇంకో జబ్బు గ్లిచ్. తీగలు ఉండాల్సిన చోట ఒకే రంగు పూసినట్టు చదునైన మచ్చ వస్తే అదే. ఆ పిక్సెల్ కక్ష్య రిఫరెన్స్ కంటే సున్నాకి మరీ దగ్గరగా వెళ్లినప్పుడు అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని కచ్చితత్వం పోతుంది. చాలావాటిని ప్రోగ్రామే కొత్త రిఫరెన్స్ పెట్టి సరిచేస్తుంది. మిగిలితే ‘గ్లిచ్ లో టాలరెన్స్’ (Glitch low tolerance) అనే సెట్టింగ్ ఆన్ చేయండి. నెమ్మదిస్తుంది, కానీ నమ్మకంగా ఉంటుంది.

రంగుల్లో స్మూత్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. దట్టమైన చోట రంగుచక్రం మరీ తొందరగా తిరిగితే బొమ్మ ఇసుక చల్లినట్టవుతుంది. డివిజన్ విలువ పెంచితే నెమ్మదిస్తుంది.

ఫ్రేము కట్టించాలంటే ఏ3 సైజుకి 300 డీపీఐలో 4961 × 3508 పిక్సెళ్లు కావాలి. 9922 × 7016లో రెండర్ చేసి సగానికి తగ్గించండి. దాదాపు 7 కోట్ల పిక్సెళ్లు, బరువే, కానీ సన్న తీగలు రంపపు పళ్లలా రాకుండా ఉండటానికి అదే మార్గం. జేపీజీ వద్దు, తీగల చుట్టూ మసక చేరుతుంది, పీఎన్‌జీ ఇవ్వండి. ప్రింటు షాపువాళ్లు సీఎంవైకేకి (ప్రింటు సిరాల రంగుల పద్ధతి) మార్చగానే నియాన్ నీలాలు, ఆకుపచ్చలు చచ్చిపోతాయి. ముందు ఒక చిన్న ముక్క ప్రూఫ్ తీయించాకే పెద్దది చెప్పండి.

జూమ్ వీడియోకి ప్రోగ్రాం లోతు నుంచి బయటికి వస్తూ, ఒక్కో ఫ్రేముకి కనిపించే వెడల్పు రెట్టింపు చొప్పున బొమ్మలు దాచుకుంటుంది. 10^50 నుంచైతే సుమారు 167 ఫ్రేములు. సెకనుకి ఒకటి చొప్పున నడిపితే దాదాపు 2 నిమిషాల 47 సెకన్ల వీడియో. ఈఎక్స్‌ఆర్ ఫైళ్లుగా దాచి, ఫ్రేముల్ని వీడియోగా కలిపే జూమాజమ్ (zoomasm) ప్రోగ్రాంతో కూర్చితే రంగులు తర్వాత కూడా మార్చుకోవచ్చు. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పగలు పెట్టకండి, ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. రాత్రి పెట్టండి, కింద గాలి ఆడేలా స్టాండ్ ఉంచండి. డెస్క్‌టాప్ అయితే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొనేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు కన్నా ఎక్కువ కోర్ల ప్రాసెసర్‌కి, మంచి కూలర్‌కి డబ్బు పెట్టండి. కరెంటు పోయినా పూర్తయిన ఫ్రేములు డిస్కులోనే ఉంటాయి, నడుస్తున్నది ఒక్కటే పోతుంది. చోటు వివరాలు దాచే కేఎఫ్‌ఆర్ (.kfr) ఫైలు మాత్రం రెండర్ మొదలుపెట్టకముందే సేవ్ చేసుకోవాలి. లోతైన చోటు నిరూపకాలు యాభై అరవై అంకెలుంటాయి, పోతే మళ్లీ వెతికినా దొరకవు.

మాండెల్‌బల్బులు (మాండెల్‌బ్రాట్ లాంటి త్రీడీ ఆకారాలు) ఇందులో రావు. వాటికి మాండెల్‌బల్బర్ అనే ప్రోగ్రాం చూసుకోండి.