డీగ్యాసర్ మీద తుంపర ఆపే ప్యాడ్: నాలుగేళ్లు వాడాక

పెద్దపల్లి జిల్లాలో ఒక ఫ్యాక్టరీ డీఎం ప్లాంట్‌లో, అంటే నీళ్లలోని లవణాలు తీసేసే చోట, ఆపరేటర్‌ని. మేం తీసుకునే గోదావరి నీళ్లు క్యాటయాన్ (లవణాల్లోని కాల్షియం, సోడియం లాంటివి పట్టుకునే రెజిన్ ట్యాంకు) దాటేసరికి యాసిడ్ గుణం పట్టి పీహెచ్ 3 దాకా దిగుతాయి. ఆ నీళ్లు డీగ్యాసర్ టవర్‌లో నింపిన చిన్న రింగుల మీద పడుతుంటే బ్లోయర్ కింది నుంచి గాలి కొడుతుంది. నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గాలితో పాటు పై గొట్టం నుంచి బయటికి పోతుంది. గ్యాస్ ఒక్కటే పోతే బాధ లేదు. దాంతో పాటు సన్నటి యాసిడ్ తుంపర కూడా లేచేది. రెండు వానాకాలాలకే పక్కన పంపు షెడ్డు రేకులకు చిల్లులు పడ్డాయి. శాంపిల్ కోసం పైకెక్కితే కళ్లు మండేవి.

ఆ తుంపర ఆపడానికి టవర్ పైభాగంలో మొదట స్టీలు జాలీ ప్యాడ్ వేశారు, 304 గ్రేడ్. అది తప్పు. క్లోరైడ్ ఉన్న యాసిడ్ తడికి వెంట్రుకంత సన్నటి ఆ తీగలు ఆగలేదు. ఏడాది తిరక్కుండానే తెగి, ముక్కలు రింగుల మధ్య పడ్డాయి. టవర్ విప్పి ఏరుకోవడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాత వేసింది పాలీప్రొపిలీన్ దారంతో అల్లినది, 150 మిల్లీమీటర్ల మందం. నాలుగేళ్లయింది, ఇంకా అదే ఉంది. గాలి దారాల మధ్య మెలికలు తిరిగిపోతుంది, బరువైన చుక్క తిరగలేక దారానికి తగిలి అంటుకుంటుంది. చుక్కలు కలిసి పెద్దవై కిందికి జారిపోతాయి. ఒకప్పుడు గొట్టం దగ్గర పీహెచ్ కాగితం (యాసిడ్ తగిలితే ఎర్రబడేది) పట్టుకుంటే ఎర్రటి చుక్కలు పడేవి. ఇప్పుడు చుక్కే పడదు.

బిగించేటప్పుడు మాత్రం జాగ్రత్త. టవర్ వ్యాసం కంటే కాస్త పెద్దగా కోసి బిర్రుగా కూర్చోబెట్టాలి, అంచున సందుంటే తుంపరంతా అందులోంచే పోతుంది. పైన కూడా గ్రిడ్ పెట్టాలి. మాకు అది లేక, బ్లోయర్ ఆన్ చేయగానే ప్యాడ్ ఒక పక్క లేచింది.

ఇది బొగ్గు బెల్టు కాబట్టి దుమ్ము ఎక్కువ. రెండో ఎండాకాలం ప్యాడ్ అడుగున నల్లటి జిగురు పేరుకుంది. గాలి తగ్గి, కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోనే మిగిలి, దాన్ని పట్టుకోవాల్సిన తర్వాతి రెజిన్ ట్యాంకు ఆనయాన్ తొందరగా అయిపోయి, దాన్ని మళ్లీ సిద్ధం చేసే కాస్టిక్ సోడా ఖర్చు పెరిగింది. కారణం దొరికేదాకా షిఫ్టు షిఫ్టుకీ టెన్షనే. బ్లోయర్ నోటికి ఫిల్టరు, ప్యాడ్‌కి కిందా పైనా గాలి ఒత్తిడిలో తేడా చూపే నీళ్ల గొట్టం (U ఆకారపు ట్యూబ్) పెట్టాక నిమ్మళం. ట్యూబులో తేడా పెరిగితే తీసి పైపు నీళ్లతో కడుగుతాం.

చలికాలం పొద్దున గొట్టం మీద తెల్లగా పొగ కనబడితే ప్యాడ్ పోయిందనుకోకండి. అది బయటి చలికి ఆవిరి పొగమంచులా మారడం. ఆవిరిని ఏ ప్యాడూ ఆపదు. అనుమానముంటే ముందు ఆ పీహెచ్ కాగితం పట్టి చూడండి.