‘మై ఫన్నీ వాలెంటైన్’: ముగ్గురి గానంలో ఏది మేలు?

రిచర్డ్ రోడ్జర్స్ బాణీకి లోరెంజ్ హార్ట్ సాహిత్యం సమకూర్చిన ‘మై ఫన్నీ వాలెంటైన్’ 1937లో ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ అనే బ్రాడ్‌వే (న్యూయార్క్ రంగస్థల) సంగీత నాటకంలో తొలిసారి వినిపించింది. వాలెంటైన్ అనే కుర్రవాడి రూపాన్నీ మాటతీరునూ ఆటపట్టిస్తూ ఒక అమ్మాయి పాట మొదలుపెడుతుంది. నా కోసం వెంట్రుకంతైనా మారకు, ఉండిపో అని బతిమాలుతూ ముగిస్తుంది. ఆ వెక్కిరింత, ఆ వేడికోలు ఒకే గొంతులో నిజమనిపించినప్పుడే పాట పండినట్టు.

బాణీ కూడా ఆ మలుపుకు తగినట్టే నడుస్తుంది. దిగులు ధ్వనించే మైనర్ స్వరశ్రేణిలో మొదలయ్యే తొలి పాదం మూడే స్వరాల మధ్య తిరుగుతూంటే, అడుగున మంద్రంగా మోగే బేస్ అర్ధస్వరాల మెట్లు దిగుతూ ఉంటుంది. చివరి భాగం మాత్రం మామూలు ఎనిమిది బార్లకు (తాళపు ఆవర్తాలకు) బదులు పన్నెండు బార్లు సాగి, ‘ఉండిపో’ అనే మాట దగ్గర పై స్వరానికి ఎగబాకి, ప్రసన్నమైన మేజర్ స్వరశ్రేణిలో స్థిమితపడుతుంది. గాయకులను పోల్చడానికి నేను చెవి పెట్టేది ఆ పై స్వరం దగ్గరే.

అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో రోడ్జర్స్, హార్ట్ పాటల సంపుటి కోసం బడ్డీ బ్రెగ్మన్ ఆర్కెస్ట్రాతో దీన్ని పాడారు. పల్లవికి ముందు వచ్చే, చాలామంది వదిలేసే సాకీని ఆమె పాడటం పెద్ద మేలు, ఎందుకంటే పాతకాలపు కావ్యభాషను అనుకరిస్తూ ప్రియుణ్ణి ఎగతాళి చేసే ఆ పంక్తులు వింటే గానీ పల్లవిలోని చనువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ప్రతి అక్షరం స్పష్టం, శ్రుతి నిర్దుష్టం. అయితే పై స్వరాన్ని ఆమె ఎంత నిబ్బరంగా అందుకుంటారంటే, అతను వెళ్ళిపోతాడేమో అన్న బెంగ నాకు వినిపించదు.

మరో జాజ్ గాయని సారా వాన్ 1973లో జపాన్ కచేరీలో కేవలం పియానో, బేస్, డ్రమ్స్ తోడుగా పాడినది గాత్రపరంగా ముగ్గురిలోనూ గొప్పది. కృతిలో సంగతులు వేసినట్టు ఒక్కొక్క మాటను సాగదీసి, మంద్రానికి జారి, మళ్ళీ పైకి తేలుతారు. ఆ వైభవం ముందు అబ్బురపడని చెవి ఉండదు, కానీ అబ్బురం గొంతు మీదే నిలిచిపోయి, వాలెంటైన్ మరుగున పడతాడు.

ఈ పాట వరకు నా ఓటు 1954లో ఇరవై నాలుగేళ్ళ జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ పాడిన రికార్డుకే. రెండున్నర నిమిషాలైనా లేదు, సాకీ లేదు, గొంతులో కంపనం దాదాపు లేదు, శ్రుతి అక్కడక్కడ కొంచెం తగ్గుతుంది కూడా. అయినా పై స్వరం వచ్చినప్పుడు ఆయన గొంతు పెంచరు; పక్కనున్న మనిషితో మాట్లాడేంత మెల్లగానే అక్కడికి చేరుకోవడం వల్ల, అంతసేపూ ఎగతాళి చేసినవాడే ఇప్పుడు బతిమాలుతున్నాడని నమ్ముతాం. కొత్తగా వినేవారు సాకీ కోసం ఎల్లా రికార్డును ముందు విని, ఆ వెంటనే దీన్ని పెట్టుకుంటే మంచిది. బేకర్ తన మరణానికి రెండు వారాల ముందు, 1988 ఏప్రిల్‌లో జర్మనీలోని హనోవర్ కచేరీలో కూడా ఇదే పాట వినిపించారు; అందులో విషాదం చిక్కనిది గానీ, ఆటపట్టించే కుర్రతనం మాత్రం 1954 నాటి దానిలోనే ఉంది.