రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ సంచి: పద్నాలుగు నెలలు వాడిన తర్వాత

మా దొడ్డిలో నాలుగు ముర్రా గేదెలు, రెండు పడ్డలు ఉన్నాయి. ఇటుకలతో భూమిలో కట్టే దీనబంధు నమూనాకు అనుభవమున్న మేస్త్రి దొరకక, ఖాదీ కమిషన్ వారి ఇనుప డ్రమ్ము నమూనాకు తుప్పు బెడద ఉందని తెలిసి, ఒక్క రోజులో అమర్చి వెళ్ళే ఈ సంచి రకాన్ని తీసుకున్నాము. పేడ, నీళ్ళు కలిపి పోస్తే లోపల పులిసి రోజుకు రెండు ఘనపు మీటర్ల వంట గ్యాసు ఇవ్వాల్సిన సంచి ఇది.

అమ్మినవారు చెప్పిన లెక్క తప్పేమీ కాదు. ఘనపు మీటరు గ్యాసుకు దాదాపు 25 కిలోల పచ్చిపేడ, అంటే మాకు రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్ళు కావాలి. గేదె రోజుకు 10 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది కనుక నాలుగింటితో సరిపోవాలి. అయితే పగలు మేతకు తోలితే అందులో సగం చెరువు గట్టు మీదే ఉండిపోతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. కట్టేసి మేపడం మొదలుపెట్టాకే సంచి నిండుగా పొంగింది.

మొదటి రెండు వారాల గ్యాసు అంటుకోలేదు. అందులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ కాబట్టి దాన్ని లోపంగా ఎంచనక్కరలేదు. ఇప్పుడు వేసవిలో రెండు పూటల వంటకూ పాలు కాచడానికీ చాలుతోంది. డిసెంబరు, జనవరి చలికి లోపలి సూక్ష్మజీవులు మందగించి ఒక పూటకే వస్తోంది. నెలకొక సిలిండరు ఖర్చయ్యే ఇంట్లో ఇప్పుడు మూడు నెలలకొకటి సరిపోతోంది.

గ్యాసు కోసం కొన్నప్పటికీ, నా దృష్టిలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది అవతలి గొట్టం నుంచి వచ్చే స్లర్రీయే, అంటే గ్యాసు పోగా మిగిలే పలుచని పేడనీళ్ళే. పెంటకుప్పలో ఎండకు ఆవిరై, వానకు కొట్టుకుపోయే నత్రజని ఇందులో చాలావరకు నిలుస్తుంది. దాన్ని సూపర్ నేపియర్ గడ్డికి పారించి ఈ ఏడాది ఆ మడికి యూరియా వేయలేదు. ఆ గడ్డే మళ్ళీ గేదెల ముందుకు వస్తోంది. కుప్ప లేకపోవడంతో ఈగలూ తగ్గాయి.

అసలు ఫిర్యాదు మరమ్మతు గురించి. ఎలుకలు సంచి అంచును కొరికితే కంపెనీ మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది. వంట ఆగడం ఒక్కటే నష్టం కాదు. బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచే మీథేను (గోబర్ గ్యాసులో మండేది ఇదే) అన్ని రోజులూ గాలిలో కలిసింది. పర్యావరణానికి మేలని ప్రకటించుకునేవారు ఆ కన్నాన్ని మరుసటి రోజే పూడ్చాలి. గేదె త్రేన్చినప్పుడు పోయే మీథేనును ఏ సంచీ ఎలాగూ పట్టలేదు, అది వేరే సంగతి.

మూడు పశువులకన్నా తక్కువ ఉన్నవారు ఒక ఘనపు మీటరుతో ఆగడం మంచిది. సంచి చుట్టూ ఇనుప వల, పైన నీడ తప్పనిసరి. స్లర్రీ గుంటను మాత్రం ముందే తవ్వించండి. మేము ఆరు నెలలు ఆలస్యం చేయడంతో అప్పటిదాకా వచ్చినదంతా వీధి కాలువ పాలైంది.