డస్టర్ డీజిల్ వాటర్ పంపు కిట్: పంపు ఒక్కటే కొంటే లేబర్ రెండుసార్లు

రెనో డస్టర్ 1.5 డీజిల్‌లోని కె9కె ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది బయటి బెల్టు కాదు, టైమింగ్ బెల్టు (క్రాంక్‌నూ వాల్వులను నడిపే క్యామ్‌నూ కలిపి తిప్పేది). నిస్సాన్ టెర్రానో డీజిల్‌దీ ఇదే ఇంజన్. పంపు దాకా చెయ్యి పోవాలంటే కుడివైపు ముందు చక్రం, దాని వెనక ప్లాస్టిక్ లైనర్, బయటి బెల్టు, క్రాంక్ పుల్లీ, కుడి ఇంజన్ మౌంట్, టైమింగ్ కవర్లు అన్నీ విప్పాల్సిందే. ఇంత విప్పి పాత బెల్టే మళ్లీ ఎక్కించడం అర్థం లేని పొదుపు. పైగా కారిన కూలెంట్ తగిలిన బెల్టును నమ్మకూడదు.

కాబట్టి పంపు, బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), ప్యాకింగ్ (గ్యాస్కెట్) కలిపి వచ్చే కిట్ మాకు నచ్చింది. గేట్స్, ఎస్‌కేఎఫ్ ఇలా కలిపే అమ్ముతాయి. లోటు ఒక్కటే: క్రాంక్ పుల్లీ బోల్టు చాలా కిట్లలో రాదు, కొత్తది విడిగా తీసుకోవాలి. హన్మకొండలో అడిగినా, వరంగల్‌లో అడిగినా మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు, ఛాసిస్ నంబరు ఇవ్వండి.

బిగించే మనిషిని ఒకటే అడగండి: బెల్టు మార్చేటప్పుడు ఇంజన్ కదలకుండా సరైన చోట పట్టి ఉంచే టైమింగ్ పిన్నులు ఉన్నాయా? ఒకటి క్రాంక్‌కు, ఒకటి క్యామ్ పుల్లీకి. తెల్ల పెయింటు గుర్తులతో చేస్తానంటే బండి ఇవ్వకండి. బెల్టు ఒకటి రెండు పళ్లు తప్పితే స్టార్టింగ్ చెడుతుంది. ఇంకా తప్పితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, పంపు ఖర్చు కాస్తా సిలిండర్ హెడ్ ఖర్చవుతుంది. క్రాంక్ బోల్టు ఊడదీసేటప్పుడు ఆ పిన్నునే అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు. అది గుర్తు కోసం పెట్టిన పిన్ను, బలం ఆపడానికి కాదు, వంగిపోతుంది.

మౌంట్ తీసేముందు ఆయిల్ పాన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఇంజన్ ఆపాలి. నేరుగా జాకీ పెడితే పాన్ నొక్కుకుపోతుంది. పంపు కూర్చునే చోట పాత ప్యాకింగ్ పొట్టును ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాలి. స్క్రూడ్రైవర్ గీత పడితే అక్కడే కారుతుంది. కొత్త ప్యాకింగ్ ఉండగా దాని మీద సిలికాన్ దట్టంగా పూయడం మనవాళ్ల అలవాటు. అది లోపలికి ఊడిపోయి హీటర్ కోర్‌లో ఇరుక్కుంటుంది. పంపు బోల్టులు చిన్నవి, 10 న్యూటన్ మీటర్ల లెక్కలో ఎదురెదురుగా బిగించాలి. బలం చూపిస్తే మర పోతుంది.

బెల్టు ఎక్కి, టెన్షనర్ ముల్లు దాని గీతతో కలిశాక పిన్నులు తీసి, ఇంజన్‌ను పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పాలి. పిన్నులు మళ్లీ సులువుగా దిగితేనే కవర్లు వేయాలి. ఈ పదినిమిషాలు మిగిల్చుకునే గ్యారేజీ మిగతాది ఎంత బాగా చేసినా మా దగ్గర మార్కులు సున్నా.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు వద్దు. మన దగ్గరి ఉప్పు నీళ్లకు లోపల సున్నం పేరుకుని, కొత్త పంపు సీలు కూడా అరుగుతుంది. లోపల చిక్కిన గాలి పోవడానికి హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక లెవెల్ చూసుకోవాలి. మేడారం జాతర దారిలో గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు గాలి బుడగ బయటపడితే వినేవాడుండడు.

కిట్‌కు 5కి 4. బోల్టు కూడా పెట్టి ఉంటే 5 ఇచ్చేవాళ్లం.